డ్రోన్ ఎగరవేసే ముందు వంక వెంట నడవండి

భూమి – హద్దులు: పాఠకుల ప్రశ్నలకు విశ్రాంత సర్వేయరు జవాబులు

ప్రశ్న: సర్వేయరు గారికి నమస్కారం. మాది అనంతపురానికి దగ్గరలోని ఒక పల్లె. మా ఊరి చెరువు కింద నాన్నగారికి ఎకరా ఇరవై సెంట్ల మడి ఉంది. రెండేళ్లుగా చెరువు పైభాగాన ఎర్రమట్టి తోలి చదును చేస్తున్నారు. ఈ మధ్య వరుసగా తెల్లరాళ్లు పాతారు, ప్లాట్లు అమ్ముతారట. అడిగితే "అది పట్టా భూమి, మీకెందుకు?" అంటున్నారు. పెళ్లిళ్లకు వీడియో తీసే మా చిన్నాన్న కొడుకు దగ్గర డ్రోన్ ఉంది. దానితో పైనుంచి ఫొటోలు తీసి అర్జీతో ఇస్తే పని జరుగుతుందా? అవి చెల్లుతాయా?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

జవాబు: అమ్మా, తప్పకుండా తీయించండి. అయితే ఒక్కసారి తీసి ఊరుకుంటే ఒరిగేది తక్కువ. ఈరోజు తీసిన ఫొటో ఈరోజు అక్కడ ఏముందో చెబుతుంది, అంతే. "ఎప్పటినుంచో ఇలాగే ఉంది" అని ఎదుటివాళ్లు అంటే మీ దగ్గర జవాబు ఉండదు. అదే ఎత్తులో, అదే దారిలో, ఏటా అదే నెలలో తీసిన ఫొటోలు పక్కపక్కన పెడితే మార్పు దానంతటదే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. నేలను ఎందుకు వాడుతున్నారో డ్రోన్ చూపిస్తుంది, ఆ నేల ఎవరిదో చూపించదు. అది చెప్పేవి ఎఫ్.ఎం.బి. (సర్వే నంబరు వారీ హద్దు కొలతల పటం), అడంగల్ (పొలం, సాగు వివరాల లెక్క), 1బి (ఎవరి పేర ఎంత భూమి ఉందో చెప్పే ఖాతా). కాబట్టి ముందుగా ఆ సర్వే నంబర్ల ఎఫ్.ఎం.బి. నకలు, చెరువు పూర్తి నీటిమట్టం పటం, లేఅవుటుకు అనుమతి ఉంటే ఆ కాగితం సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. పట్టా భూమే అయినా, సేద్యపు నేలను ప్లాట్లు చేయడానికి అనుమతి ఉందా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. "పట్టా భూమి" అన్న మాటకు జంకవద్దు.

ఇక ఫొటోల పని. మన్రో దొర 1800లో దత్తమండలాల కలెక్టరుగా వచ్చి పొలం పొలం కొలిపించిన నాటినుంచీ మన జిల్లాల్లో హద్దు తగాదా రాయి దగ్గరే తేలుతోంది. డ్రోన్ వచ్చినా అది మారలేదు. మామూలు డ్రోన్‌లో ఉండే జీపీఎస్ రెండు మూడు మీటర్లు అటూ ఇటూ చూపుతుంది. వంద మీటర్ల గట్టు మూడు మీటర్లు జరిగిందంటే మూడు వందల చదరపు మీటర్లు, అంటే ఏడు సెంట్ల పైమాటే. ఊరంతా కొట్టుకోవడానికి అది చాలు.

అందుకని ఇలా చేయండి. రెండడుగుల చదరం కడప బండలు ఐదారు తెప్పించుకోండి. నల్లటి బండ మీద చిక్కటి సున్నంతో, జానెడు వెడల్పు పట్టీలతో కూడిక గుర్తు గీయండి. ఎఫ్.ఎం.బి.లో ఉన్న హద్దురాళ్ల పక్కన, తూము దగ్గర, కట్ట రెండు కొసల్లో, ఎర్రమట్టి తోలిన చోటుకు అవతల ఒక్కొక్కటి కదలకుండా పరచండి. మీ సచివాలయ సర్వేయరును అడిగి రోవరుతో, అంటే చోటును సెంటీమీటర్ల తేడాలో చెప్పే జీపీఎస్ పరికరంతో, ఆ గుర్తుల నడిమి బిందువుల కొలతలు రాయించుకోండి. ఒక అంగుళం సెన్సరు, 20 మెగాపిక్సెళ్లు ఉన్న కెమెరా 60 మీటర్ల ఎత్తులో ఎగిరితే ఫొటోలోని ఒక్కో చుక్క నేల మీద ఒకటిన్నర సెంటీమీటరు పైచిలుకు. మీ బండ అందులో ముప్పై ఆరు ముప్పై ఏడు చుక్కల వెడల్పున స్పష్టంగా పడుతుంది. ఆ గుర్తులతోనే కంప్యూటర్ ఫొటోలన్నింటినీ అతికి, నేలకు సరిగ్గా కూర్చిన ఒకే పటం చేస్తుంది.

మీ తమ్ముడికి ఒక మాట చెప్పండి. పెళ్లి వీడియోలో లాగా కెమెరాను వంచకూడదు, నిట్టనిలువుగా కిందికే చూడాలి. దుక్కి దున్నినట్టు సాళ్లు సాళ్లుగా ఎగరాలి. ఒక ఫొటోలో పడిన నేల నూటికి డెబ్బై ఐదు పాళ్లు తరువాతి ఫొటోలోనూ, అరవై డెబ్బై పాళ్లు పక్క సాలు ఫొటోలోనూ పడాలి. అంత కలిస్తేనే నేల ఎత్తుపల్లాలు తేలతాయి. పోయిన ఏటి ఎత్తును ఈ ఏటి ఎత్తులోంచి తీసివేస్తే ఎంత మట్టి పోశారో లెక్క వస్తుంది. అర ఎకరం మీద మీటరు మందం పోస్తే రెండు వేల ఘనపు మీటర్లు. టిప్పరుకు పది చొప్పున రెండు వందల టిప్పర్లు. అన్ని బళ్లు వచ్చి పోయాయని అంకెతో రాస్తే అర్జీకి బరువు వస్తుంది.

వేసవిలో చెరువు ఎండినప్పుడు ఒకసారి, వానలయ్యాక నీళ్లు నిలిచినప్పుడు ఒకసారి తీయండి. నీళ్ల మీద ఎత్తు లెక్క కుదరదు కాబట్టి మట్టి లెక్కకు వేసవే మంచిది. ఏప్రిల్, మే దాటనివ్వకండి. మన ఆషాఢం గాలికి చిన్న డ్రోన్ నిలవదు.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైనది. మీ ఉత్తరంలో చెరువు గురించే రాశారు, చెరువులోకి వచ్చే వంక గురించి ఒక్క మాట లేదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కల్యాణదుర్గం వైపు ఒక చెరువు ఆక్రమణ మీద ఫిర్యాదు వచ్చింది. రెండు రోజులు ముంపు చుట్టూ గొలుసు లాగి, ఆక్రమణ అంగుళం కూడా లేదని రాసిచ్చాను. చెరువులో నిజంగానే లేదు. పైన అరమైలు దూరాన వంకకు అడ్డంగా మట్టి పోసి ఎవరో చేను కలుపుకున్నారు. వానలు బాగా పడి కూడా ఆ ఏడు చెరువు సగం నిండలేదు, అప్పుడు తెలిసింది. కింద పైరు ఎండిన రైతులు నా ఎదుట నిలబడి ఏమీ అనలేదు. ఆ రాత నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అందులో చెక్కించారు. నేల విశాలంగా ఉండి వచ్చే నీరు కొంచెమైతే అదీ ఒక దోషమే అన్నారు. వంకను పూడ్చినవాళ్లు ఆ దోషాన్ని మనిషి చేత్తో తెచ్చిపెడుతున్నారు.

కాబట్టి డ్రోన్ వంక పొడవునా కూడా ఎగరాలి. అయితే మన వంకలన్నీ సర్కారు తుమ్మతో కమ్ముకుపోయి ఉంటాయి. పైనుంచి చూస్తే చెట్ల తలలే కనిపిస్తాయి, కింద మట్టి పూడిందో లేదో కెమెరాకు తెలియదు. అందుకే ముందు మీ నాన్నగారితో, వంక పాత దారి తెలిసిన ఒక పెద్దాయనతో కలిసి మొదటినుంచి చెరువు వరకు నడవండి. అనుమానం ఉన్న చోటల్లా ఒక సున్నం గుర్తు పెట్టి, దగ్గరనుంచి ఒక ఫొటో తీయండి.

నిబంధనల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2021 డ్రోన్ నియమాల ప్రకారం పచ్చ జోన్‌లో (గ్రీన్ జోన్) 400 అడుగుల వరకు ఎగరడానికి విడిగా అనుమతి అక్కర్లేదు. మీ ఊరు ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై సైటులోని పటంలో చూసుకోండి. డ్రోన్‌కు నమోదు నంబరు ఉండాలి. రెండు కిలోల లోపు డ్రోన్‌ను డబ్బుకు కాకుండా ఎగరవేస్తే పైలట్ సర్టిఫికెట్ అడగరు. ముందురోజు ఊళ్లో టముకు వేయించండి. పెరళ్లలో ఆడవాళ్లు ఉంటారు, చెప్పకుండా ఎగరవేయడం మర్యాద కాదు.

ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపవద్దు, తీసిన చోటు వివరాలు చెరిగిపోతాయి. కార్డు నుంచి యథాతథంగా నకలు తీసి దాచండి. కోర్టు దాకా వెళితే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటికీ చెప్పింది. అర్జీలో ఆ ప్రస్తావన రాయండి.

ప్రశ్న: ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతుంటే డ్రోన్ శ్రమ ఎందుకండీ?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఉచితంగా దొరికే ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాల్లో ఒక చుక్క పది మీటర్ల చదరం, అంటే సుమారు రెండున్నర సెంట్లు. ప్లాటు రాయి అందులో కనిపించదు, గట్టు జరిగినా తెలియదు. కానీ మీరు అడిగి మంచి పని చేశారు. డ్రోన్‌కు గతం లేదు, ఉపగ్రహానికి ఉంది. పైన ఉత్తరం రాసిన అమ్మాయికి పోయిన ఏళ్ల డ్రోన్ ఫొటోలు ఎక్కడినుంచి వస్తాయి? అమ్మా, 2016 నుంచి ఏటా మబ్బులేని జనవరి రోజు చిత్రం ఒకటి దించుకుని వరుసగా పెట్టండి. ఎర్రమట్టి మచ్చ చెరువు పైభాగాన మొదట ఏ ఏడు కనిపించిందో చూడండి. తరువాత ఆ ఏడులోని నెలలన్నీ తిరగేస్తే, ఏ నెలలో మొదలైందో కూడా దొరుకుతుంది. సోమవారం కలెక్టరేటుకు ఇచ్చే అర్జీలో మొదటి వాక్యం ఆ తేదీతో మొదలుపెట్టండి.