నంబర్ మార్చి చూసిన పిల్లాడికి ఏం నేర్పాలి?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. బాబు తొమ్మిదో తరగతి. స్కూల్ మార్కుల సైట్‌లో తన పేజీ అడ్రస్ చివర ఉన్న నంబర్ మార్చి చూస్తే వేరే పిల్లల మార్కులు కనబడ్డాయట. నలుగురు ఫ్రెండ్స్‌కి చూపించాడు. స్కూల్‌వాళ్లు మమ్మల్ని పిలిచి గట్టిగా మందలించారు. వాడేమో సైబర్ సెక్యూరిటీయే చదువుతానంటున్నాడు. అమీర్‌పేటలో 45 రోజుల ఎథికల్ హ్యాకింగ్ కోర్సుకి 30 వేలు అడుగుతున్నారు. చేర్పించమంటారా? అసలు ఈ వయసులో ఇవి నేర్పొచ్చా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ 30 వేలు మీ దగ్గరే ఉంచండి. రెండో ప్రశ్నకి మాత్రం నా జవాబు ఔననే. నేర్పాలి, ఇప్పుడే నేర్పాలి.

మీవాడు తాళమేమీ పగలగొట్టలేదు. లోపలికి వచ్చిందెవరో ఆ సైట్ చూసింది గానీ, వచ్చినవాడు అడిగే కాగితం అతనిదేనా అని చూడలేదు. బ్యాంకులో మన పాస్‌బుక్ చూపించి పక్కింటివాళ్ల ఖాతా నంబర్ చెబితే, గుమాస్తా వాళ్ల లెక్కలన్నీ తీసి మన చేతిలో పెట్టినట్టన్నమాట. దీన్ని యాక్సెస్ కంట్రోల్ లోపం అంటారు. వెబ్‌సైట్లలో ఉండే పది ప్రధాన లోపాలంటూ, వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన జాబితాలో మొదటిది ఇదే. ఎవరూ చెప్పకుండానే 'ఈ నంబర్ మారిస్తే ఏమవుతుంది?' అని వాడికి తట్టింది చూశారా, ఆ చూపు డబ్బు కట్టి తెచ్చుకునేది కాదు.

అలాగని తప్పు లేదనను. ఇంకొకరి మార్కులు కనబడగానే పేజీ మూసేసి టీచర్‌కి చెప్పాల్సింది. చెప్పకపోగా ఫ్రెండ్స్‌కి చూపించాడు. తక్కువ మార్కులొచ్చిన పిల్లాడి పేజీ నలుగురి ముందు తెరిస్తే ఆ పిల్లాడికెలా ఉంటుందో మీరే వాడి పక్కన కూర్చుని అడగండి. చట్టం సంగతి కూడా తెలియాలి. ఐటీ చట్టం 2000లోని 43వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా ఇంకొకరి సిస్టమ్‌లోకి వెళ్తే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. అదే పని దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ వృత్తిలో మొదటి పాఠం అనుమతి, అందుకని చెబుతున్నాను.

ఇక కోర్సు. సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికొచ్చే పిల్లల్ని ఒకటే అడుగుతాను: 'బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టాక పేజీ వచ్చేలోపు ఏమేం జరుగుతుంది?' చాలామంది తడబడతారు. టూల్ ఎక్కడ నొక్కాలో తెలుసు, దాని కింద ఏం నడుస్తోందో తెలియదు. మీవాడు కింది నుంచి మొదలుపెట్టాలి.

అందుకు ఓవర్‌ద‌వైర్ అనే సైట్‌లో 'బ్యాండిట్' అనే ఆట ఉంది. ఉచితం. విండోస్ 10 ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) కమాండ్లతో ఒక్కో మెట్టులో దాచిన పాస్‌వర్డ్ వెతికి పై మెట్టుకి వెళ్లాలి. మొదట్లోనే ఒక మెట్టులో ఫైల్ పేరు ఉత్త అడ్డగీత, అంతే. మామూలుగా ఫైల్ చదవడానికి 'క్యాట్' కొట్టి పేరు ఇస్తాం. ఇక్కడ అలా ఇస్తే ఏమీ రాదు, కర్సర్ ఊరికే మెరుస్తూ కూర్చుంటుంది. కంప్యూటర్ ఆ గీతని ఫైల్ పేరనుకోలేదు, 'కీబోర్డు నుంచి చదువు' అన్నారనుకుంది. పేరుకి ముందు ఒక చుక్క, ఒక స్లాష్ పెట్టి 'ఈ ఫోల్డర్‌లో ఉన్న ఫైలే' అని చెబితే తెరుచుకుంటుంది. మనం అన్నదొకటి, యంత్రం విన్నదొకటి. ఇది ఒంటబట్టిన పిల్లాడికి తర్వాత ఎన్ని దాడుల గుట్టు దానంతటదే అర్థమవుతుందో! జవాబులు యూట్యూబ్‌లో ఉంటాయి, ఒక మెట్టు దగ్గర రెండు రోజులు ఆగిపోయినా చూడనివ్వకండి.

బ్యాండిట్ సగం దాటాక అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ వాళ్ల పికోసీటీఎఫ్ చేయించండి. హైస్కూల్ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని 2013లో మొదలుపెట్టిన పోటీ, అదీ ఉచితమే. పదమూడేళ్లు నిండితే చేరొచ్చు. పాత ప్రశ్నలతో ఏడాదంతా సాధన చేయొచ్చు. దాంతోపాటు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష. వారంలో రోజుకి అరగంట, ఆదివారం రెండు గంటలు సరిపోతుంది. టెన్త్ పరీక్షల ముందు పూర్తిగా ఆపేయండి.

లెక్కలు వదలకూడదు. రహస్య సంకేతాల శాస్త్రంలో చాలా భాగం ప్రధాన సంఖ్యలు, శేషాల మీద నిలబడింది. ఇంటర్‌లో ఎంపీసీ, తర్వాత ఎప్‌సెట్. బీటెక్‌లో సైబర్ సెక్యూరిటీ బ్రాంచ్ ఉన్న కాలేజీలున్నాయి గానీ, నా ఓటు మంచి కాలేజీలో మామూలు సీఎస్ఈకే. నెట్‌వర్క్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్ గట్టిగా వచ్చినవాడు సెక్యూరిటీలోకి ఎప్పుడైనా రాగలడు. మన ఊళ్లోనే గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో ఈ పరిశోధన జరుగుతోంది. బ్యాంకుల సాంకేతికత కోసం రిజర్వ్ బ్యాంక్ 1996లో పెట్టిన ఐడీఆర్‌బీటీ మాసబ్‌ట్యాంక్‌లో ఉంది. చదువుకోసం దూరం పోనక్కర్లేదు.

ఉద్యోగం సినిమాల్లోలా ఉండదని కూడా చెప్పండి. మొదటి రెండు మూడేళ్లు చాలామంది నైట్ షిఫ్టుల్లో లాగ్‌లు (సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలు) చదువుతూ, వచ్చిన అలర్ట్ నిజమా కాదా తేలుస్తూ గడుపుతారు. ఓపిక, చక్కగా రిపోర్టు రాయడం అక్కడ అన్నం పెడతాయి.

ఆ రిపోర్టు ఈ వారమే రాయించండి. ఏ పేజీలో, ఏ నంబర్ మారిస్తే, ఏం కనబడింది, ఎలా సరిచేయొచ్చు. ఏమీ దాచుకోలేదని, ఫ్రెండ్స్‌కి చూపించడం తప్పేనని చివర్లో తనే రాయాలి. ఒక్క పేజీ, వాడి చేతిరాతతో. మళ్లీ ఆ సైట్ తెరిచి పరీక్షించకుండా, గుర్తున్నంత వరకే. మీరు వెంట వెళ్లి ప్రిన్సిపల్ గారి చేతికి ఇప్పించండి. ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే ఇంకో పని కూడా అప్పగించండి: పోలీసులమంటూ వీడియో కాల్‌లో మోసగాళ్లు బెదిరించే 'డిజిటల్ అరెస్ట్' అనేది మన చట్టంలో లేనే లేదని, డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని వాళ్లకి అర్థమయ్యేలా వాడే చెప్పాలి.