ఫెర్రోసీన్‌లో ఎలక్ట్రాన్లు లెక్కిస్తే నాకు 20 వస్తున్నాయి, పుస్తకంలో 18 అని ఉంది. తేడా ఎక్కడ?

ఫెర్రోసీన్ అంటే రెండు సైక్లోపెంటాడైనైల్ (ఐదు కార్బన్ల) రింగుల మధ్య ఇనుము. మీరు ఇనుముకి బయటి ఎలక్ట్రాన్లు 8 వేసి, రెండు రింగులకి ఆరేసి చొప్పున 12 కలిపి ఉంటారు. ఎమ్మెస్సీ పిల్లలకు ఈ సబ్జెక్టు చెబుతుంటాను కాబట్టి ఈ 20 నాకు పాత చుట్టమే.

లెక్కకు రెండు పద్ధతులున్నాయి. న్యూట్రల్ పద్ధతిలో ఇనుముకి ఏ చార్జీ ఉండదు, దానివి 8. ఒక్కో రింగు 5 ఇస్తుంది. అయానిక్ పద్ధతిలో ఇనుము ప్లస్ 2, దానివి 6. రింగు మైనస్ 1, అది 6 ఇస్తుంది. ఎటు లెక్కేసినా 18. మీరు లోహాన్ని ఒక పద్ధతిలో, రింగును ఇంకో పద్ధతిలో తీసుకున్నారు. క్లోరిన్, మిథైల్, హైడ్రైడ్‌ కూడా ఇంతే: న్యూట్రల్‌లో 1, అయానిక్‌లో 2. కార్బన్ మోనాక్సైడ్, ఫాస్ఫీన్ మాత్రం రెండింట్లోనూ 2 ఇస్తాయి. అందుకే కార్బొనైళ్ల (లోహానికి కార్బన్ మోనాక్సైడ్ అతుక్కున్న సమ్మేళనాల) దగ్గర ఎవరూ తడబడరు.

నన్నడిగితే న్యూట్రల్ పద్ధతే పట్టుకోండి. ఆక్సిడేషన్ స్టేట్ ఎంతో ముందే తేల్చుకోవాలన్న టెన్షన్ ఉండదు. మొత్తం అయాన్ మీద చార్జీ ఉంటే చివర్లో కలపడమో తీసేయడమో చేస్తే చాలు.

ఇక ఈ 18 ఎక్కడిదంటారా, లోహానికి ఒక ఎస్, మూడు పీ, ఐదు డీ, మొత్తం 9 ఆర్బిటాళ్లు, ఒక్కోదానికి రెండేసి ఎలక్ట్రాన్లు. అలాగని ఇది చట్టం కాదు. వెనేడియం హెక్సాకార్బొనైల్ 17తోనే ఉంటుంది. విల్కిన్సన్ ఉత్ప్రేరకంలో రోడియంకి 9, క్లోరిన్‌కి 1, మూడు ఫాస్ఫీన్లకి 6, కలిపి 16. చదరపు సమతల ఆకారంలో ఒక పీ ఆర్బిటాల్ శక్తి బాగా ఎక్కువ, అది ఖాళీగానే ఉండిపోతుంది. పైగా ఈ లోటే దానికి పని కల్పిస్తుంది: ఒక ఫాస్ఫీన్ ఊడి 14కి దిగితే, హైడ్రోజన్ వచ్చి చేరడానికి చోటు దొరుకుతుంది.

పరీక్ష కోసమే అయితే ఇక్కడ ఆపేయొచ్చు. కానీ బంధం అర్థం కావాలంటే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్ వర్ణపటం) విలువలు చూడండి. కార్బన్ మోనాక్సైడ్ తన జంటను లోహానికి ఇస్తుంది; లోహం తన డీ ఎలక్ట్రాన్లను దాని యాంటీబాండింగ్ ఆర్బిటాల్‌లోకి తిరిగి పంపుతుంది. దాంతో కార్బన్, ఆక్సిజన్ మధ్య బంధం బలహీనపడుతుంది, ఐఆర్ విలువ తగ్గుతుంది. విడిగా ఉన్న కార్బన్ మోనాక్సైడ్ సెంటీమీటర్‌కు 2143 దగ్గర కనిపిస్తుంది. హెక్సాకార్బొనైళ్లలో చూస్తే, ప్లస్ చార్జీ ఉన్న మాంగనీస్‌కి అది సుమారు 2090, క్రోమియంకి 2000, మైనస్ చార్జీ ఉన్న వెనేడియంకి 1860. మూడింటి లెక్కా 18 అయినా, లోహం మీద ఎలక్ట్రాన్ల సాంద్రత పెరిగేకొద్దీ ఆ విలువ అలా జారిపోతూ ఉంటుంది.

ఇప్పుడు డైకోబాల్ట్ ఆక్టాకార్బొనైల్ వేసి చూడండి. బ్రిడ్జిలో ఉన్న రెండు కార్బొనైళ్లూ ఒక్కో కోబాల్ట్‌కి ఒక్కొక్కటే ఇస్తాయి. కోబాల్ట్, కోబాల్ట్ మధ్య బంధానికి ఇంకో 1 వేసుకోవాలి.