ఔషధ రసాయనశాస్త్రం చదివే అమ్మాయికి ఒక లేఖ

చిరంజీవి అమ్మాయికి, మీ పెదనాన్న ఆశీస్సులు.

నీవు పంపిన నోట్సు మొత్తం చదివాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి కానీ, అది పుస్తకానికి నకలు అయింది తప్ప నోట్సు కాలేదు. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. చదువుకునే రోజుల్లో నేనూ మూడు రంగుల సిరాలతో అలాగే రాసుకునేవాణ్ణి. తీరా పరీక్షలో లిడోకైన్ అనే మత్తుమందు మీద లెక్క వస్తే, క్షారానికి ఆమ్లపు సూత్రం వేసి, జవాబును నిలువునా తలకిందులు చేసి వచ్చాను. సూత్రం నాకు కంఠస్థమే. అది ఏ అణువుకు, ఎందుకు వర్తిస్తుందన్నది మాత్రం నా నోట్సులో ఎక్కడా లేదు.

కాబట్టి ఒక మందుకు ఒక పేజీ కేటాయించు. పాఠం చదివాక పుస్తకం మూసేసి, అణునిర్మాణాన్ని జ్ఞాపకం నుంచి గీయి. గీయలేకపోతే పుస్తకం తెరిచి చూసి, మళ్ళీ మూసి, మొదటి నుంచి గీయి. చూస్తూ గీసిన బొమ్మ చేతికి వస్తుందేమో గానీ బుర్రకు ఎక్కదు. ఆ తరువాత ఒక్కొక్క భాగానికి గీత లాగి, అది అక్కడ ఏం పని చేస్తుందో నీ మాటల్లో ఒక వాక్యం రాయి. లిడోకైన్‌నే తీసుకుందాం. ఒక చివర బెంజీన్ వలయం ఉంది, అది కొవ్వులో కరిగే గుణాన్నిస్తుంది. మధ్యలో అమైడ్ బంధం ఉంది. ప్రొకైన్ అనే మరో మత్తుమందులో ఆ చోట ఉండే ఎస్టర్ రక్తంలోని ఎంజైములకు త్వరగా విరిగిపోతుంది, ఈ అమైడ్ అంత తేలికగా విరగదు. వలయం మీద అమైడ్‌కు ఇరువైపులా ఉన్న రెండు మిథైల్ సమూహాలు కాపలాదారుల్లా అడ్డు నిలిచి, జలవిశ్లేషణను ఇంకా కష్టం చేస్తాయి. రెండో చివర ఉన్న అమైన్ ప్రోటాన్‌ను స్వీకరించగలదు, అంటే ఈ మందు క్షారం.

ఆ చివరి వాక్యం రాసుకుని ఉంటే నాకు ఆనాడు లెక్క తప్పేది కాదు. లిడోకైన్ పీకేఏ (సగం అణువులకు ప్రోటాన్ తగిలి ఉండే పీహెచ్) 7.9, శరీరపు పీహెచ్ 7.4 అనుకో. తేడా 0.5, పది యొక్క 0.5వ ఘాతం సుమారు 3.16. క్షారం కనుక ప్రోటాన్ తగిలి ఆవేశం వచ్చిన రూపమే 3.16 వంతులు, తగలనిది ఒక వంతు. అంటే ఆవేశం లేని అణువులు దాదాపు 24 శాతం. నాడీకణపు పొరను దాటి లోపలికి వెళ్ళేది ప్రధానంగా ఈ రూపమే. లోపలికి చేరాక నాడీ సంకేతాన్ని నడిపించే సోడియం మార్గాన్ని మూసేది మాత్రం ఆవేశం ఉన్న రూపం. ఇప్పుడు వాచిన కణజాలంలో పీహెచ్ 6.9కి పడిపోయిందనుకుని అదే లెక్క మళ్ళీ చేయి. నిష్పత్తి పదికి ఒకటి అవుతుంది, పొర దాటగలిగేవి 9 శాతమే మిగులుతాయి. చీము పట్టిన చోట మత్తు సూది సరిగా పనిచేయకపోవడానికి పుస్తకాల్లో చెప్పే ఒక కారణం ఇదే. ఈ లెక్కను ఎక్కడో వెనక పేజీల్లో కాక, లిడోకైన్ బొమ్మ కిందనే రాసుకో.

ఏ అయనీకరణ లెక్కలోనైనా సూత్రం జోలికి పోకముందే, ఆవేశం ఉన్న రూపం ఎక్కువా, లేనిది ఎక్కువా అని ఒక్క మాట ఊహించి పక్కన రాయి. పీకేఏ 3.5 ఉన్న ఆస్పిరిన్ ఆమ్లం కనుక పీహెచ్ 1.5 వద్ద ఆవేశం లేని రూపం వంద రెట్లు ఎక్కువని నోటితోనే చెప్పగలగాలి. క్యాలిక్యులేటర్ మన ఊహను సరిచూసుకోవడానికే.

దిగుబడి లెక్కల్లో నీవు చేసిన పొరపాటు చూసి నవ్వుకున్నాను. 2.00 గ్రాముల సాలిసిలిక్ ఆమ్లం నుంచి 2.10 గ్రాముల ఆస్పిరిన్ వచ్చిందని, 105 శాతం దిగుబడి వేశావు! అణుభారాలు వరుసగా 138.12, 180.16 కనుక రాగలిగిన గరిష్ఠం 2.61 గ్రాములు, నీ దిగుబడి 80.5 శాతం. లెక్క సరిగా చేసినా వంద దాటిందంటే పదార్థం ఇంకా తడిగా ఉందనో, శుద్ధి కాలేదనో అనుమానించాలి. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేస్తే ఊదారంగు వచ్చిందా, సాలిసిలిక్ ఆమ్లం ఇంకా మిగిలి ఉన్నట్టే.

తప్పులకు వేరే పుస్తకం పెట్టమని కొందరు చెబుతారు. నాకది నచ్చదు, ఎందుకంటే దాన్ని మళ్ళీ తెరిచేవాళ్ళు అరుదు. తప్పు ఏ మందు దగ్గర జరిగిందో ఆ పేజీలోనే, ఏ తేదీన, ఏం అనుకుని తప్పు చేశావో రాయి. పది రోజుల తరువాత జవాబు కప్పేసి అదే లెక్క మళ్ళీ చేయి. ఒకే రకం లెక్కలు ఇరవై వరుసగా చేయడం కంటే, ఆమ్లం, క్షారం, దిగుబడి, అర్ధాయువు కలగలిపి ఎనిమిది చేయడం మేలు. ఏ సూత్రం వాడాలో నిర్ణయించుకోవడమే అసలు సాధన.

వచ్చే ఉత్తరంతో ప్రొకైన్ పేజీ పంపు. దాని పీకేఏ 8.9 అనుకుని పీహెచ్ 7.4 వద్ద లెక్క వేసి, లిడోకైన్ కంటే త్వరగా పని మొదలుపెడుతుందో, ఆలస్యంగానో కారణంతో సహా రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న