పాకే పాప ఉన్న ఇంట్లో చీమల చాక్‌పీస్ గీయొచ్చా?

ప్రశ్న: మా పాపకు పది నెలలు. ఇల్లంతా పాకుతోంది. వానలు మొదలైనప్పటి నుంచి ఇంట్లో ఎర్ర చీమలు ఎక్కువయ్యాయి. పాప కాళ్ల మీద కుట్టినచోట చీము పొక్కుల్లా లేస్తున్నాయి. అత్తయ్య మంచం చుట్టూ చీమల చాక్‌పీస్ గీస్తున్నారు. ప్రమాదం లేదా? మామయ్యగారికి షుగర్ మాత్ర మార్చినప్పటి నుంచి బాత్రూమ్‌లోనూ చీమలే. షుగర్ పెరిగినట్టా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ముందు ఆ గీతను ఇవాళే తుడిచేయండి. ఆ చాక్‌పీసుల్లో సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి పురుగుమందులు ఉంటాయి. పాప చెయ్యి నేల మీదే ఉంటుంది, అదే చెయ్యి నోట్లోకి పోతుంది. చీపురుతో ఊడిస్తే పొడి గాల్లోకి లేస్తుంది. చేతులకు గ్లోవ్స్ వేసుకుని, సబ్బునీళ్లలో తడిపిన గుడ్డతో రెండుసార్లు తుడిచి ఆ గుడ్డ పారేయండి. ఒకవేళ పాప చాక్‌పీస్ కొరికితే తడిగుడ్డతో నోరు తుడవండి. వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు పట్టొద్దు. ప్యాకెట్ వెంట తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి. చొంగ బాగా కారుతున్నా, ఆయాసం, వణుకు కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇప్పటికీ కొందరు 'గమాక్సిన్' అని అడిగి పొడి తెచ్చి గడపల్లో చల్లుతున్నారు. ఆ మందు బీహెచ్‌సీని మన దేశంలో 1997లోనే నిషేధించారు. దాని మరో రూపమైన లిండేన్ వాడకం 2013లో ఆగింది. లేబుల్ లేని ఏ పొడినీ ఇంట్లోకి రానీయకండి.

చీమల బారు కనిపించగానే చంపేయకుండా, అది ఎక్కడి నుంచి వస్తోందో చివరిదాకా చూడండి. ముందు వెళ్లిన చీమ వదిలిన వాసన పట్టుకునే మిగతావి వస్తాయి. కనిపించిన చీమల్ని తుడిచి దారిని వదిలేస్తే గంటలో మళ్లీ బారు కడతాయి. లీటరు నీళ్లలో చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి ఆ దారంతా, అటూ ఇటూ జానెడు మేర తుడవండి. తర్వాత అవి వచ్చే టైల్స్ సందుల్ని, కిటికీ చట్రం పగుళ్లను వైట్ సిమెంట్‌తో మూసేయండి. పసుపు, ఉప్పు గీతలు చీమల్ని పక్కదారి పట్టిస్తాయంతే.

మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే మన పాత పద్ధతి మంచిదే. ఆ నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేస్తే చీమలు తేలలేవు. రాత్రి పెట్టి, పాప లేవకముందే తీసేయండి. పాప చెయ్యీ పెట్టదు, దోమలూ గుడ్లు పెట్టవు. మంచం గోడకు తగిలినా, దోమతెర అంచు నేలకు వేలాడినా గిన్నెలు పెట్టిన ఫలితం ఉండదు. పాలు తాగాక పాప గడ్డం, మెడ మడతలు తడిగుడ్డతో తుడవండి. పాలు ఒలికిన దుప్పటి అప్పుడే మార్చండి.

అయినా తగ్గకపోతే బోరిక్ యాసిడ్ ఎర పెట్టొచ్చు. అర లీటరు వేడినీళ్లలో 50 గ్రాముల పంచదార, 5 గ్రాముల బోరిక్ యాసిడ్ కరిగించి, చల్లారాక దూదిని అందులో ముంచండి. చిన్న చిల్లులు పెట్టిన మూత డబ్బాలో ఆ దూది ఉంచి, డబ్బాను పాపకు అందనంత ఎత్తున చీమల దారిలో పెట్టండి. చాలామంది మందు ఎక్కువ వేస్తే త్వరగా పోతాయనుకుంటారు. అక్కడే పని చెడుతుంది. ఘాటెక్కితే చీమలు తినవు, తిన్నవి దారిలోనే చస్తాయి. మందు పుట్టలోని రాణిదాకా చేరాలి. మొదటి రెండు రోజులు చీమలు ఇంకా ఎక్కువగా వస్తాయి, రానివ్వండి. ఒకటి రెండు వారాలు పడుతుంది. ఈలోగా స్ప్రే కొట్టొద్దు. లేత పసుపురంగు సన్న చీమలైతే స్ప్రేకి పుట్ట చీలి రెండుచోట్ల తేలతాయి. బోరిక్ యాసిడ్ పసిపిల్లలకు విషం. అందని చోటు ఇంట్లో లేకపోతే ఈ ఎర జోలికే వెళ్లొద్దు.

పాప కాళ్ల మీది పొక్కులు చీమ కొండి విషం వల్ల వచ్చినవి. చీములా కనిపించినంత మాత్రాన ఇన్ఫెక్షన్ కాదు. చిదమొద్దు, సున్నం రాయొద్దు, లేత చర్మం కాలిపోతుంది. సబ్బుతో కడిగి, చల్లని తడిగుడ్డ పది నిమిషాలు వేసి, కాలమైన్ లోషన్ రాయండి. గోళ్లు కత్తిరించండి. చుట్టూ ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా పిల్లల డాక్టర్‌కి చూపించండి. కుట్టిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, పిల్లికూతలు వచ్చినా, పాప సోలిపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు కావలసింది తొడకు అడ్రినలిన్ ఇంజెక్షన్.

ఇక మామయ్యగారి మాత్ర పేరు చూడండి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివైతే అవి షుగర్‌ను మూత్రంలోకి పంపి తగ్గించే మందులు. రక్తంలో షుగర్ అదుపులో ఉన్నా బాత్రూమ్‌కి చీమలు పడతాయి. భయపడి మాత్ర ఆపొద్దు. మూత్రానికి వెళ్లిన ప్రతిసారీ శుభ్రంగా కడుక్కోమనండి, లేకపోతే అక్కడ ఫంగస్ దురద వస్తుంది. మాత్ర అది కాకపోతే మాత్రం పరగడుపున, తిన్న రెండు గంటలకు, మూడు నెలల సగటు పరీక్షలు చేయించండి. సాధారణంగా రక్తంలో షుగర్ 180 దాటితేనే మూత్రంలోకి దిగుతుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే చీమలు కుట్టినా ఆయనకు తెలియదు. రోజూ రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి. పుండు ఉంటే కట్టు లేకుండా పడుకోనివ్వకండి.