హెచ్‌4 మీద వచ్చినవాళ్లు పెళ్లి ఫొటోలు తీయొచ్చా?

విజయవాడ గవర్నర్‌పేటలో ఓ స్టూడియోలో పెళ్లిళ్లు తీసి, భార్యకు అమెరికా ఉద్యోగ వీసా హెచ్‌1బి వస్తే తనూ డిపెండెంట్ వీసా హెచ్‌4 మీద డాలస్ చేరిన ఓ తమ్ముడి ప్రశ్న: "అన్నా, ఇక్కడ ఫొటోగ్రఫీయే వృత్తిగా పెట్టుకోవాలంటే ఏ కెమెరా కొనాలి?"

కెమెరా సరే తమ్ముడూ, ముందు ఈఏడీ కార్డు, అంటే పని చేసుకోవడానికి అనుమతి. మీ ఆవిడకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ పెట్టే దరఖాస్తు) అప్రూవ్ అయితే దానికి అప్లై చేసుకోవచ్చు, 2015 నుంచి ఆ వీలుంది. కార్డు చేతికొచ్చేదాకా ఎవరి దగ్గరా డాలర్ పుచ్చుకోకు. "క్యాషే కదా, ఎవరికి తెలుస్తుంది" అనేవాళ్లు మన పిక్నిక్‌లలో బోలెడుమంది దొరుకుతారు. గ్రీన్‌కార్డు ఫైలు తెరిచేరోజు వాళ్లెవరూ నీ పక్కనుండరు, నీ ఇన్‌స్టాగ్రామ్ పేజీ మాత్రం ఉంటుంది. వారాంతాల్లో షూట్‌లు చేద్దామనుకునే హెచ్‌1బి వాళ్లకూ ఇదే మాట.

కార్డు వచ్చాక ఏడాదిపాటు ఎవరైనా అమెరికన్ వెడ్డింగ్ ఫొటోగ్రాఫర్ దగ్గర సెకండ్ షూటర్‌గా, అంటే తోడు ఫొటోగ్రాఫర్‌గా చేరు. హాలువాళ్లతో మాట్లాడటం, నిమిషాల లెక్కన నడిచే ప్రోగ్రాం, అన్నీ అక్కడే వస్తాయి. వాళ్లకు రానిది నీ దగ్గరుంది. జీలకర్ర బెల్లం పెట్టాక తెర ఏ క్షణాన దిగుతుందో, అప్పుడు ఏ పక్కన నిలబడాలో పంతులుగారి గొంతును బట్టే నీకు తెలుస్తుంది. మనవాళ్ల ఓణీల ఫంక్షన్లు, శ్రీమంతాలు నిన్ను వెతుక్కుంటూ వచ్చేది అందుకే.

కెమెరా బెజవాడ నుంచి తెచ్చుకున్నదే చాలు, రెండు మెమరీ కార్డు స్లాట్లు ఉంటే. వీడియో సెట్టింగ్ మాత్రం మన దేశపు పద్ధతి పాల్ నుంచి ఇక్కడి పద్ధతి ఎన్టీఎస్సీకి మార్చు. మన కరెంటు 50 హెర్ట్జ్, ఇక్కడ 60. పాత అలవాటుకొద్దీ షట్టర్ 1/50 సెకనులో ఉంచితే హాలు లైట్ల కింద వీడియోలో చారలు పాకుతాయి.

గొడవలొచ్చేది ఫొటోల హక్కుల దగ్గర. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లదే ఫొటో. ఇక్కడ తలకిందులు, సొంతంగా పని చేసే ఫొటోగ్రాఫర్ తీసింది అతనిదే. మన అంకుల్ మాత్రం గుంటూరులో అలవాటైనట్టే "హార్డ్‌డిస్క్ మొత్తం ఇచ్చెయ్ బాబూ" అంటాడు. ఎన్ని ఫొటోలిస్తావు, రా ఫైళ్లు (ఎడిట్ చేయని ఒరిజినల్స్) ఇస్తావా లేదా, ఆల్బమ్ ఎప్పటికి అన్నవి కాగితం మీద పెట్టి, అడ్వాన్సు తీసుకున్నాకే తేదీ రాసుకో. మొహమాటపడితే మూడు నెలలు ఫోన్లు ఎత్తుతూ కూర్చోవాలి.

రేటు చెప్పేటప్పుడు రూపాయల్లోకి మార్చి మురిసిపోకు. ఇన్‌కంట్యాక్సు కాక సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్సే 15.3 శాతం. చాలా హాళ్లు లయబిలిటీ ఇన్సూరెన్స్ (నీ వల్ల ఎవరికైనా నష్టం జరిగితే కట్టే బీమా) కాగితం చూపందే లోపలికి రానివ్వవు, ఆ ఖర్చూ నీదే.

డ్రోన్ సంగతి కూడా అడిగావు. డబ్బుకు ఎగరేయాలంటే అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పెట్టే పార్ట్ 107 డ్రోన్ పైలట్ పరీక్ష పాసవ్వాలి: 60 ప్రశ్నలు, 70 శాతం రావాలి. 250 గ్రాముల లోపు డ్రోన్‌కు రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట సరదాకు ఎగరేసేవాళ్లకే. పెళ్లి ఊరేగింపు మీద తిప్పాలంటే బుల్లి డ్రోన్‌కైనా లైసెన్సు, రిజిస్ట్రేషన్ రెండూ కావాలి.