మెడెయిన్ చవకే, కానీ ముందు స్టాంపింగ్ చూసుకోండి

ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చే కుర్రాళ్లు ఇద్దరు ఈసారి లాంగ్ వీకెండ్‌కి కొలంబియా వెళ్దామనుకుంటున్నారట. "అన్నా, మీరూ వదినా వెళ్లొచ్చారుగా, అక్కడి మెడెయిన్ ఊరు నిజంగా అంత చవకా?" అని అడిగారు. చవకే. డాలస్‌లో ఇద్దరం ఒక పూట బయట తినే డబ్బుతో అక్కడ రెండు రోజులు గడిపేశాం. అయితే నేను తిరిగి అడిగిన మొదటి మాట, "మీ పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపింగ్ ఎప్పటిదాకా ఉంది?" అని.

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి గ్రీన్‌కార్డు గానీ, లోపలికి వెళ్లే రోజుకి ఇంకా 180 రోజుల గడువున్న అమెరికా వీసా గానీ ఉంటే కొలంబియా వేరే వీసా అడగదు. ఇలాంటి రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజే కొలంబియా విదేశాంగ శాఖ సైటు చూసుకోండి. మాతో రావాల్సిన కుర్రాడొకడికి స్టాంపింగ్ అయిపోయింది, చేతిలో ఐ-797 మాత్రమే ఉంది, అంటే హెచ్-1బి ఉద్యోగ వీసాకి ఆమోదం వచ్చిందని చెప్పే కాగితం. అంతకుముందు ఏడాది మెక్సికో వెళ్లి అదే కాగితంతో హాయిగా తిరిగొచ్చాడు, ఆ ధైర్యం. చెకిన్ కౌంటర్ దగ్గరే ఆపేశారు. ఆపడమే మంచిదైంది. గడువు తీరిన వీసాతో 30 రోజుల్లోపు తిరిగొచ్చే వెసులుబాటు హెచ్-1బి వాళ్లకి కెనడా, మెక్సికో వరకే. కొలంబియాకి అది లేదు. ఎలాగోలా విమానం ఎక్కినా మళ్లీ డాలస్ రావడానికి వాడు స్టాంపింగ్ కోసం తిరగాల్సి వచ్చేది. స్టూడెంట్లయితే కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ట్రావెల్ సంతకం కూడా చూసుకోండి. బయల్దేరే ముందు 72 గంటల్లో కొలంబియా ఇమిగ్రేషన్ వాళ్ల చెక్-మిగ్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి. అది ఉచితం, డబ్బులడిగే సైటు కనిపిస్తే మూసేయండి.

ఇంకోటి. కొలంబియా నుంచి ఆరు రోజుల్లోపు ఇండియా వెళ్లే ఆలోచన ఉంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ తప్పనిసరి. టీకా వేసుకున్న పదో రోజు నుంచే అది చెల్లుతుంది. కాగితం లేకపోతే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్. అమ్మానాన్నల్ని చూడ్డానికి వెళ్లి ఆ గొడవెందుకు?

ఇక ఊరి సంగతి. మెడెయిన్ సుమారు 1,500 మీటర్ల ఎత్తున, కొండల మధ్య లోయలో ఉంటుంది. ఏడాదంతా వసంతమే అని వాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆగస్టులో డాలస్ కొలిమి నుంచి వెళ్లిన మాకు అది గొప్పలా అనిపించలేదు, నిజమే అనిపించింది. మా హోటల్ గదిలో ఏసీ లేదు, అవసరమూ పడలేదు.

మెట్రో 1995లో మొదలైంది. ఇప్పటికీ పెట్టెల్లో ఒక గీత కనపడదు, లోపల ఎవరూ తినరు. మెట్రో దిగి అదే కార్డుతో కేబుల్ కారు ఎక్కి శాంటో డొమింగో దాకా వెళ్లాం. మన కైలాసగిరి రోప్‌వే సరదాకి ఎక్కుతాం. 2004లో వేసిన ఈ లైను మాత్రం కొండమీది బస్తీ జనం పనులకి దిగి రావడానికి. మా పెట్టెలో కూరగాయల సంచితో ఒక పెద్దావిడ, పక్కన యూనిఫాంలో ఇద్దరు పిల్లలు. కిందికి ఫొటోలు తీస్తున్నది మేమిద్దరమే.

కొమునా 13 అనే బస్తీలో కొండ ఎక్కడానికి 2011లో ఎస్కలేటర్లు పెట్టారు. గోడల నిండా బొమ్మలు, ఒకటే సంగీతం, జనం. 2002లో గెరిల్లాల మీద సైన్యం దాడి చేసిన చోటు ఇదే. డ్రగ్స్ ముఠా నాయకుడు పాబ్లో ఎస్కోబార్ బొమ్మతో టీషర్టులు అమ్ముతుంటారు, కొనకండి. వాడి బాంబులకి అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉన్నారు. 1993లో చచ్చినవాడి కబుర్లు మనకి కాలక్షేపం, వాళ్లకి కాదు.

తిండి దగ్గర మాత్రం శాకాహారులకి కాస్త తిప్పలే. మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. లౌరెలెస్ పేటలో ఒక చిన్న హోటల్లో మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. సూపు, అన్నం, ఎర్ర చిక్కుడుగింజల పప్పు, వేయించిన అరటిపండు, జ్యూసు, అంతా కలిపి నాలుగైదు డాలర్లు. "సిన్ కార్నె" అని ముందే చెప్పాం, అంటే మాంసం వద్దని. పప్పులో గరిటె పెట్టి తిప్పితే పంది తోలు ముక్క తేలింది. వాళ్ల లెక్కలో అది రుచికి వేసేది, మాంసం కాదు. చికెన్ కూడా చాలామందికి ఆ మాట కిందికి రాదు. అందుకని "సిన్ పోయో, సిన్ సెర్దో, సిన్ పెస్కాదో" అని కోడి, పంది, చేప పేరుపేరునా చెప్పండి. పప్పు దేంతో ఉడికించారో కూడా అడగండి.

హోటలావిడ ముఖం చిన్నబుచ్చుకుని లోపలికి పోయి అరెపా అనే మొక్కజొన్న రొట్టె, చీజు, నిమ్మకాయ పిండిన చల్లని అగ్వాపనేలా తెచ్చిపెట్టింది. మా ఆవిడ ఒక గుక్క తాగి గ్లాసు దించి, "ఏవండీ, ఇది పానకం!" అంది. పానకమే. పనేలా అంటే చెరుకురసం కాచి అచ్చులు పోసిన బెల్లం. మిరియాలు, యాలకులు వేయడం ఒక్కటే మర్చిపోయారు. ఆ తర్వాత వీధిలో పచ్చి మామిడికాయ తరుగు, ఉప్పు, నిమ్మరసం కలిపి కప్పులో పెట్టి అమ్ముతుంటే ఆవిణ్ని అక్కణ్నుంచి కదిలించడం నావల్ల కాలేదు.

మన రంగు చూసి అందరూ స్పానిష్‌లోనే మాట్లాడేస్తారు. ఇంగ్లీషు దొరకదు. ఫోన్లో ట్రాన్స్‌లేటర్ ఆఫ్‌లైన్‌లో దింపుకుని వెళ్లండి. ఏటీఎం "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అని అడిగితే వద్దనండి, వాళ్ల పెసోల్లోనే తీసుకోండి.

"నో దార్ పపాయా" అని అక్కడో మాట. అక్షరాలా చూస్తే బొప్పాయి ఇవ్వకు అని. దొంగకి అవకాశం నువ్వే ఇవ్వకు అని భావం. నడిరోడ్డు మీద ఫోన్ పట్టుకుని దారి వెతుక్కోవడం బొప్పాయి ఇవ్వడమే. రాత్రి నడవకుండా యాప్ కారు పిలవండి. బ్రహ్మచారులకి విడిగా చెప్తున్నాను: డేటింగ్ యాప్‌లో పరిచయమైనవాళ్లని గదికి పిలవద్దు, పక్కవాళ్లిచ్చిన డ్రింకు తాగొద్దు. మందు కలిపి స్పృహ తప్పించి దోచుకోవడం అక్కడ ఉన్నదే. 2023 చివరి రెండు నెలల్లో ఎనిమిది మంది అమెరికన్లు అనుమానాస్పదంగా చనిపోయారని, వాటిలో కొన్నింటికి ఈ యాప్‌లతో సంబంధం ఉన్నట్టుందని అమెరికా ఎంబసీయే హెచ్చరిక పెట్టింది.

తిరుగు ప్రయాణానికి ఎయిర్‌పోర్టు ఊళ్లో ఉందనుకోకండి. అది పక్కన రియోనెగ్రో కొండమీద, ఎనిమిది కిలోమీటర్ల సొరంగం దాటాక వస్తుంది. మా ఆవిడ దారిలో కారాపించి రెండు పనేలా అచ్చులు కొంది. కస్టమ్స్‌లో డిక్లేర్ చేశాం, ఏమీ అనలేదు. ఈ ఏడు శ్రీరామనవమికి మా ఇంట్లో పానకం దాంతోనే, ఈసారి మిరియాలు వేసి.