కాటన్ దొర ఊరికి సైకిల్ దారి

ఇంగ్లండులో సర్రే కొండల పక్కన ఉంటూ, సెలవు దొరికితే మట్టి దారుల్లో గ్రావెల్ బైక్ (మట్టి, కంకర దారులకు పనికొచ్చే సైకిల్) తొక్కే అక్కయ్యను ఈ నెల పాఠకులు అడిగిన ప్రశ్నలు, ఆమె జవాబులు.

ప్రశ్న: అక్కా, మాది ధవళేశ్వరం. గిల్డ్‌ఫర్డ్‌లో చదువుకుంటున్నాను. సెకండ్ హ్యాండ్‌లో గ్రావెల్ బైక్ కొన్నాను. కాటన్ దొర సమాధి ఇక్కడికి దగ్గర్లోనే, డోర్కింగ్‌లో ఉందట కదా. కార్ల గొడవ లేకుండా సైకిల్ మీద వెళ్లొచ్చా?
— గోదావరి కుర్రాడు, గిల్డ్‌ఫర్డ్

జవాబు: వెళ్లొచ్చు తమ్ముడూ. తారు రోడ్డు అసలే తగలకుండా కుదరదు గానీ, ఎక్కువ భాగం మట్టి దారిలోనే పోవచ్చు. ఏ25 రోడ్డు పట్టుకుంటే తొందరగా చేరతావు. కానీ అది ఇరుకు, పక్క నుంచి లారీలు రాసుకుంటూ పోతాయి. దాని జోలికి పోకు.

ఊరు దాటి తూర్పుగా న్యూలాండ్స్ కార్నర్ ఎక్కు. ఎక్కేటప్పుడు కాస్త ఆయాసం తప్పదు. పైన నిలబడి దక్షిణానికి తిరిగితే మడతలు మడతలుగా గుట్టలు, పచ్చిక బీళ్లు, వాటి మధ్య ఊళ్లూ కనిపిస్తాయి. అక్కడి నుంచి నార్త్ డౌన్స్ కొండ వెన్ను మీదుగా రాన్‌మోర్ కామన్ వైపు సాగిపోవడమే. మధ్యలో నడిచేవాళ్లకు మాత్రమే అనుమతి ఉన్న ముక్కలు తగులుతాయి, కాబట్టి ముందురోజే మ్యాప్ చూసుకుని పక్క దారి గుర్తు పెట్టుకో. దారి పొడుగునా అక్కడక్కడా పొదల్లో కాంక్రీటు గదులు కనిపిస్తాయి. 1940లో జర్మన్లు దిగుతారేమోనన్న భయంతో తుపాకులు పెట్టుకోవడానికి కట్టిన పిల్‌బాక్సులవి.

ఆ కొండంతా సుద్ద నేల. ఎండాకాలం హాయిగా ఉంటుంది, వాన పడిందా సబ్బు మీద తొక్కినట్టే. పైగా సుద్దలో చెకుముకి రాళ్లుంటాయి, పగిలిన అంచు బ్లేడులా టైరును కోసేస్తుంది. సెకండ్ హ్యాండ్ అన్నావు కాబట్టి ముందు టైర్లు చూసుకో. 40 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే మంచిది. ట్యూబ్‌లెస్ చేయించి, చిన్న కన్నాలను మూసే సీలెంట్ ద్రవం పోయిస్తే ఇంకా మంచిది.

నన్నడిగితే కొండ మీదే నేరుగా పోవద్దు. సగం దారిలో కిందికి దిగి షీర్ అనే ఊరు చూడు. దిగినదంతా మళ్లీ ఎక్కాలి, అయినా దిగు. టిల్లింగ్‌బోర్న్ అనే చిన్న ఏరు ఊరి మధ్య నుంచే పారుతుంది. ఫోటోల కోసం వచ్చేవాళ్లంతా ఆ ఏటి దగ్గరే ఆగిపోతారు. నువ్వు మాత్రం సెయింట్ జేమ్స్ చర్చిలోకి వెళ్లి, బలిపీఠం ఉన్న భాగంలో ఉత్తరం గోడ చూడు. అందులో రెండు చిన్న కన్నాలుంటాయి. ఒకటి నాలుగు రేకుల పువ్వు ఆకారంలో ఉంటుంది, రెండోది ఏటవాలుగా తొలిచిన సందు. 1329లో క్రిస్టీన్ కార్పెంటర్ అనే వడ్రంగి కూతురు, బతికినంత కాలం ప్రార్థనలోనే ఉంటానని మొక్కుకుని ఆ గోడ వెనక చిన్న గదిలోకి వెళ్లింది. ఏటవాలు సందులోంచి బలిపీఠాన్ని చూసేది, పువ్వు కన్నంలోంచి ప్రసాదం అందుకునేది. కొన్నాళ్లకు బయటికి వచ్చేసింది, 1332లో మళ్లీ లోపలికి పంపమని అర్జీ పెట్టుకుంది. బయట ఏం జరిగిందో, ఎందుకు మనసు మార్చుకుందో అని ఆ కన్నం ముందు నిలబడ్డ ప్రతిసారీ అనుకుంటాను.

రాన్‌మోర్ నుంచి డోర్కింగ్‌లోకి దిగేది నిటారు తారు రోడ్డు, బ్రేకుల మీద చెయ్యి ఉంచు. ఊరు దాటాక డీప్‌డీన్ రౌండబౌట్ మధ్యలో పెద్ద ఇనుప కోడిపుంజు నిలబడి ఉంటుంది. డోర్కింగ్ జాతి కోడికి కాలికి ఐదు వేళ్లు. గోదావరి వాడివి, ఆగి చూడకుండా వెళ్లలేవులే. శ్మశానం అక్కడికి దగ్గర్లోనే, రైగేట్ వెళ్లే రోడ్డు మీద ఉంది. కాటన్ రిటైరయ్యాక ఈ ఊళ్లోనే ఉండి, 1899 జులై 24న, 96 ఏళ్ల వయసులో పోయారు. ఆయన కట్టించిన మీ ఊరి ఆనకట్ట 1852లో పూర్తయింది. మనవాళ్లు వచ్చి సమాధి దగ్గర పూలు పెట్టి వెళ్తుంటారు. సైకిల్‌ను గేటు దగ్గరే ఆపి నడిచి వెళ్లు. తిరిగి తొక్కే ఓపిక లేకపోతే డోర్కింగ్ డీప్‌డీన్ స్టేషన్‌లో రైలెక్కు, గిల్డ్‌ఫర్డ్‌కు మారక్కర్లేకుండా వస్తుంది.

ప్రశ్న: ఫోన్‌లో యాప్ చూపించిన దారిలోనే పొలాల మధ్య వెళ్తుంటే, కుక్కతో వచ్చిన ఒక పెద్దాయన ‘ఇక్కడ సైకిళ్లు రాకూడదు’ అని గట్టిగా అరిచాడు. తప్పు నాదా, ఆయనదా?
— రెడింగ్ పాఠకుడు

జవాబు: ఆ దారి మొదట్లో ఉన్న స్తంభం మీద బాణం ఏ రంగులో ఉందో రాయలేదు మీరు. అసలు సంగతంతా అక్కడే ఉంది. పసుపు బాణం ఫుట్‌పాత్, నడిచేవాళ్లకే. నీలం బాణం బ్రైడిల్‌వే, అంటే గుర్రాల దారి. 1968 నాటి కంట్రీసైడ్ చట్టం ఆ దారుల్లో సైకిల్ తొక్కే హక్కు ఇచ్చింది, కాకపోతే నడిచేవాళ్లకూ గుర్రాలకూ మనమే దారివ్వాలి. ఊదా, ఎరుపు బాణాలున్న బైవేల్లోనూ (పాత బండి దారులు) తొక్కొచ్చు. పసుపు బాణం దారిలో వెళ్లి ఉంటే పెద్దాయన మాట నిజమే. అలాగని భయపడకండి, మామూలుగా అది నేరం కిందికి రాదు, భూమి యజమానికీ మీకూ మధ్య సివిల్ వ్యవహారం. సారీ చెప్పి వెనక్కి తిరిగితే సరి.

చాలా యాప్‌లు ఎవరెవరో తొక్కిన గీతల్ని చూపిస్తాయి, హక్కు ఉందో లేదో చూడవు. ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాప్, నారింజ అట్టది, ఒకటి కొనుక్కోండి. అందులో ఆకుపచ్చ పొట్టి గీతలు నడక దారులు, పొడుగు గీతలు బ్రైడిల్‌వేలు. మ్యాప్‌లు చదవడం రాదంటారేమో, ఒక్క ఆదివారం కూర్చుంటే వచ్చేస్తుంది.

గుర్రం ఎదురైతే నెమ్మదించి, దూరం నుంచే ‘హలో’ అని మనిషి గొంతు వినిపించండి. వెనక నుంచి సడీ చప్పుడూ లేకుండా వచ్చిన సైకిల్‌కు గుర్రం బెదురుతుంది, మీద ఉన్నవాళ్లు పడిపోతారు. తీసి ఉన్న గేటు తీసినట్టే, మూసి ఉన్నది మూసినట్టే వదలాలి. దూడలున్న ఆవుల మంద కనిపిస్తే దిగి, దూరంగా చుట్టూ తిరిగి పోండి. ఇక్కడి ఆవులు మన వీధి ఆవులంత సాధువులు కావు.

ప్రశ్న: పదేళ్ల మా పాపకు కొండలెక్కే ఓపిక లేదు. తనతో వెళ్లేందుకు చదునైన దారి ఏదైనా ఉందా?
— హార్షమ్ నాన్న

జవాబు: మీ పక్కనే డౌన్స్ లింక్ అనే దారి ఉంది కదండీ. గిల్డ్‌ఫర్డ్ పక్కన సెయింట్ మార్తా కొండ దగ్గర మొదలై సముద్రపు ఒడ్డున షోరమ్ దాకా 59 కిలోమీటర్లు. చాలా భాగం పాత రైలు కట్ట మీదే నడుస్తుంది. 1960ల్లో ఆ లైన్లు మూతపడ్డాయి. రైలు కట్ట కాబట్టి ఎక్కుళ్లు తక్కువ. ఒక్క బేనార్డ్స్ దగ్గర సొరంగం మూసేశారు, అక్కడ గుట్ట ఎక్కి దిగాలి. పాపతో అయితే మొదటిసారి బ్రామ్లీ నుంచి క్రాన్లీ దాకా వెళ్లి వెనక్కి రండి. బ్రామ్లీలో పాత ప్లాట్‌ఫారం ఇంకా ఉంది.

కాస్త పెద్దయ్యాక రడ్జ్‌విక్ దగ్గర వంతెన చూపించండి. ఆరన్ నది మీద ఇటుక వంతెన, దాని నెత్తిన ఇంకో ఇనుప వంతెన. మొదటి వంతెన కట్టేశాక, స్టేషన్ దగ్గర వాలు మరీ ఎక్కువైందని తనిఖీకి వచ్చిన అధికారి ఒప్పుకోలేదు. దాంతో కట్ట ఎత్తు పెంచి పైన రెండోది వేశారు. ఆ చుట్టుపక్కలంతా బంకమట్టి, నవంబరు నుంచి మార్చి దాకా పాపతో వద్దు. చలికాలం మీరొక్కరే తొక్కాలనుకుంటే లీత్ హిల్, పీస్లేక్ వైపు ఇసుక నేలకు వెళ్లండి. వాన నీరు త్వరగా ఇంకిపోతుంది.

ప్రశ్న: మేం శాకాహారులం. పల్లెటూళ్లలో తిండి దొరుకుతుందా?
— స్లవ్ దంపతులు

జవాబు: పబ్‌లో కాల్చిన పెద్ద బంగాళాదుంప మీద చీజ్, బీన్స్ వేసి ఇస్తారు, కడుపు నిండుతుంది. చిప్స్ మాత్రం ఏ నూనెలో వేయించారో అడగండి, కొన్నిచోట్ల ఎద్దు కొవ్వు వాడతారు. చాలా పబ్‌ల వంటగదులు రెండున్నర, మూడింటికల్లా మూసేస్తారు, సాయంత్రం దాకా తెరవరు. నేనైతే డబ్బాలో పులిహోర పెట్టుకుని వెళ్తాను. చల్లారినా బాగుంటుంది, ఉప్పూ కారం ఒంట్లోకి పోతాయి.

ప్రశ్న: మా అబ్బాయి అక్కడ ఉద్యోగం చేస్తున్నాడు. 1,500 పౌండ్లు పెట్టి సైకిల్ కొంటానంటున్నాడు. ఆ డబ్బుకి ఇక్కడ బండే వస్తుంది. నువ్వైనా చెప్పమ్మా.
— ఓ తల్లి, విజయవాడ

జవాబు: పిన్నిగారూ, నేను వాడి పార్టీయే, క్షమించాలి. మట్టి దారుల్లో తిరిగే సైకిల్‌కు ఆ ధర మరీ ఎక్కువేం కాదు. కానీ మొత్తం ఒకేసారి చేత్తో పెట్టొద్దనండి. సైకిల్ టు వర్క్ అని ఒక పథకం ఉంది. కంపెనీ సైకిల్ ఇప్పిస్తుంది, పన్ను వేయకముందే జీతంలోంచి నెలనెలా కోసుకుంటుంది. పన్ను మిగులుతుంది కాబట్టి చివరికి బాగానే తగ్గుతుంది. వాళ్ల కంపెనీలో ఆ పథకం ఉందో లేదో ముందు హెచ్‌ఆర్‌ను అడగమనండి. షరతు ఏంటంటే దాన్ని ముఖ్యంగా ఆఫీసుకు వెళ్లి రావడానికే వాడాలి, ఆదివారం షికార్లకే అంటే కుదరదు. హెల్మెట్, లైట్లు కూడా ఆ లెక్కలోనే తీసుకోవచ్చు. డిసెంబరులో ఇక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది, కాబట్టి లైట్ల దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యొద్దని మీ మాటగా చెప్పండి.